పేద పిల్లల ప్రైవేటు స్కూలు ఫీజుకి ప్రభుత్వ సొమ్ము: మన సంఘానికి ఏ దారి నప్పుతుంది?

పోయిన చలికాలం ఒక ఆదివారం మధ్యాహ్నం మా బేస్‌మెంట్లో తొమ్మిది మందిమి కూర్చున్నాం. భోజనాలయ్యాయి, టీ తిరుగుతోంది. మా తెలుగు సంఘం ఛారిటీ కమిటీ మీటింగ్ అది. ఎజెండాలో ఉన్నది ఒకటే అంశం: 2027 నుంచి ఫెడరల్ ట్యాక్స్ క్రెడిట్ (ఇచ్చిన విరాళం మేరకి మనం కట్టాల్సిన అమెరికా పన్నులో తగ్గింపు) వస్తోంది కదా, పేద పిల్లల ప్రైవేటు స్కూలు ఫీజుల కోసం మనమే ఒక స్కాలర్‌షిప్ సంస్థ పెడదామా? ప్రతిపాదన తెచ్చినాయన టీవీ మీద ఎక్సెల్ షీట్ పెట్టాడు. ఐదు వందల కుటుంబాలు, తలా 1,700 డాలర్లు, వెరసి 8,50,000 డాలర్లు. "ఇచ్చేవాడి జేబులోంచి పైసా పోదు బావగారూ. ఆ డబ్బు ఎలాగూ ఐఆర్ఎస్‌కి కట్టాల్సిందే" అన్నాడు. ఐఆర్ఎస్ అంటే ఇక్కడి ఫెడరల్ పన్నుల శాఖ.

అందరం తలలూపాం. ఆ తర్వాత రెండు నెలలు నేనూ మా ట్రెజరరూ కూర్చుని చట్టం చదివి, లెక్కలు వేసుకున్నాక ఆ షీట్‌ని పక్కన పెట్టేశాం. ఎందుకు పెట్టామో, బదులుగా ఏం ఎంచుకున్నామో రాస్తున్నాను. అమెరికాలో చాలా ఊళ్లలో మన సంఘాలు ఇదే ఆలోచనలో ఉన్నాయి. నేను లాయర్ని కాదు, సీపీఏని (లైసెన్సున్న అకౌంటెంట్‌ని) కాదు. ఫారాలు నింపడంలో కుటుంబాలకి సాయం చేస్తూ నేర్చుకున్నదే ఇదంతా.

ప్రభుత్వ సొమ్ము ఒక నాన్‌ప్రాఫిట్ ద్వారా పేద కుటుంబం దాకా చేరడానికి ఇక్కడ నాలుగు దారులున్నాయి. ప్రభుత్వం నేరుగా గ్రాంట్ ఇవ్వడం ఒకటి. దాతలకి రాష్ట్రం పన్నులో మినహాయింపు ఇచ్చి వాళ్ల చేత ఇప్పించడం రెండోది. పిల్లవాడి పేరున ఖాతా తెరిచి అందులో రాష్ట్రమే డబ్బు వేసి, ఆ ఖాతాల నిర్వహణని ఒక సంస్థకి అప్పగించడం మూడోది. కొత్తగా వచ్చిన ఫెడరల్ క్రెడిట్ నాలుగోది. ఏ దారిని చూసినా నేను వేసే ప్రశ్న ఒకటే: ఈ ఏడు స్కూల్లో చేరిన పిల్లకి మూడో ఏడు ఫీజు ఎవరు కడతారు? ఎంత వస్తుంది, దాతకి ఎంత మిగులుతుంది అనేవి ఆ తర్వాతి సంగతులు.

నేరుగా గ్రాంట్

దీనికి బాగా తెలిసిన ఉదాహరణ వాషింగ్టన్ డీసీలోని ఆపర్చునిటీ స్కాలర్‌షిప్ ప్రోగ్రాం. 2004లో మొదలైంది. ఫెడరల్ ప్రభుత్వ డబ్బుతో నడిచిన మొదటి వోచర్ పథకం, అంటే ప్రైవేటు బడి ఫీజుకి ప్రభుత్వ సొమ్ము ఇచ్చే పథకం, ఇదే. డబ్బు కాంగ్రెస్ ఇస్తుంది, పథకాన్ని ఒక నాన్‌ప్రాఫిట్ నడుపుతుంది. మొదట్లో వాషింగ్టన్ స్కాలర్‌షిప్ ఫండ్ నడిపింది, తర్వాత ఇంకో ట్రస్టు చేతికి వెళ్లింది, 2015 నుంచి సర్వింగ్ అవర్ చిల్డ్రన్ అనే సంస్థ చూస్తోంది. మధ్యలో ట్రస్టు నడిపిన రోజుల్లో కుటుంబాలకి స్కూళ్ల సమాచారం సరిగ్గా, సమయానికి అందడం లేదని ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏవో 2013లో గట్టిగానే రాసింది.

ఈ పథకంలో నాకు నచ్చే సంగతి ఆదాయ పరిమితి పెట్టిన తీరు. చేరేటప్పుడు కుటుంబ ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకి 185 శాతం లోపు ఉండాలి, లేదా ఫుడ్ స్టాంప్స్ (పేదలకి ప్రభుత్వం ఇచ్చే ఆహార సాయం) తీసుకుంటూ ఉండాలి. 2025 లెక్కల్లో నలుగురున్న కుటుంబానికి పేదరిక రేఖ 32,150 డాలర్లు. దాని మీద 185 శాతం అంటే సుమారు 59,500. కానీ ఒకసారి చేరిన పిల్లలకి తర్వాతి ఏళ్లలో ఆ గీత 300 శాతానికి జరుగుతుంది. అంటే వాళ్ల నాన్న ఓవర్‌టైం చేసినందుకో, అమ్మకి రెండో ఉద్యోగం దొరికినందుకో పిల్లని బడి మార్పించాల్సిన పని లేదు. చిన్న నిబంధనే గానీ, కుటుంబాల టెన్షన్ సగం తగ్గించేది ఇదే. మీరు ఏ దారి ఎంచుకున్నా ఈ ఒక్కటి మాత్రం డీసీ నుంచి తెచ్చుకోండి.

ఇక ఆ మూడో ఏటి ప్రశ్న. 2009లో రాజకీయాలు మారాయి. కొత్త పిల్లల్ని చేర్చుకోవడం ఆపేశారు. అప్పటికే స్కాలర్‌షిప్ వచ్చిందని ఉత్తరాలు అందుకున్న 216 మంది పిల్లలకి ఇచ్చిన మాట వెనక్కి తీసుకున్నారు. 2011లో కొత్త చట్టం వచ్చి పథకం మళ్లీ నిలబడింది. కానీ ఆ 216 ఇళ్లలో ఉత్తరం వచ్చిన రోజునీ, రద్దయిన రోజునీ తలుచుకుంటే గ్రాంట్ మీద నమ్మకం ఎంత పెట్టుకోవాలో అర్థమవుతుంది. ఏటా బడ్జెట్‌లో కేటాయించే డబ్బు ఏటా ఆగిపోవచ్చు.

చదువు ఫలితాల మాట కూడా అడుగుతారు కాబట్టి చెబుతాను. ఈ పథకం మీద ఫెడరల్ విద్యాశాఖ పరిశోధన విభాగం లాటరీ పద్ధతిలో పోల్చి చేసిన అధ్యయనాలు ఉన్నాయి. 2010 నివేదికలో స్కాలర్‌షిప్ దక్కిన పిల్లల్లో 82 శాతం మంది, దక్కనివాళ్లలో 70 శాతం మంది హైస్కూలు పూర్తి చేశారని తల్లిదండ్రులు చెప్పిన లెక్కల్లో తేలింది. తర్వాతి విడత పిల్లల్లో మొదటి ఏడు లెక్కల మార్కులు తగ్గాయి, మూడేళ్లు గడిచేసరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. బడిలో భద్రంగా ఉన్నామన్న భావన మాత్రం పెరిగింది. అందుకని దాతల ముందు "మార్కులు పెరుగుతాయి" అని మాట ఇవ్వకండి.

మనలాంటి చిన్న సంఘానికి ఈ దారి దాదాపు మూసుకున్నట్టే. డీసీ పథకానికి ఒకసారికి ఒక్కటే సంస్థ. వేరే ఫెడరల్ గ్రాంట్లకి వెళ్దామన్నా ముందు ప్రభుత్వ పోర్టల్లో నమోదు కావాలి, ఖర్చులన్నీ ఫెడరల్ నిబంధనల ప్రకారం చూపించాలి, ఏడాదికి 10 లక్షల డాలర్ల ఫెడరల్ సొమ్ము ఖర్చు దాటితే ప్రత్యేక ఆడిట్ చేయించాలి. చాలా గ్రాంట్లలో ముందు మనం ఖర్చు పెట్టుకుని తర్వాత బిల్లు పంపాలి. ఆ మూడు నాలుగు నెలలు డబ్బు తిప్పే స్తోమత వేసవి పిక్నిక్ మిగులుతో బండి నడిపే సంఘానికి ఎక్కడిది?

రాష్ట్ర ట్యాక్స్ క్రెడిట్

ఇక్కడ డబ్బు ఖజానాలోకి వెళ్లకుండానే దారి మళ్లుతుంది. దాత స్కాలర్‌షిప్ సంస్థకి ఇస్తాడు, రాష్ట్రం అతని పన్నులో అంత మొత్తం కొట్టేస్తుంది. 1997లో అరిజోనా మొదలుపెట్టింది. 2001లో పెన్సిల్వేనియా, ఫ్లోరిడా కంపెనీలకి ఈ వెసులుబాటు ఇచ్చాయి. మేముండే జార్జియాలో 2008లో వచ్చింది. డబ్బు ఖజానాలో పడలేదు కాబట్టి అది ప్రభుత్వ ఖర్చు కాదు, దాని మీద మామూలు పన్ను చెల్లింపుదారు దావా వేయడం కుదరదు అని 2011లో అరిజోనా కేసులో సుప్రీంకోర్టు 5–4 తేడాతో చెప్పింది. చట్టపరంగా ఈ దారికి కాస్త గొడుగు ఉన్నట్టు లెక్క. అలాగని కంచుకోట కాదు. కెంటకీలో ఇలాంటి పథకాన్నే 2022లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కొట్టేసింది.

రాష్ట్రానికో పద్ధతి. అరిజోనా, జార్జియాల్లో పరిమితి దాకా డాలర్‌కి డాలర్ వెనక్కి వస్తుంది. పెన్సిల్వేనియాలో కంపెనీకి 75 శాతం, రెండేళ్లు వరుసగా ఇస్తామని మాట ఇస్తే 90 శాతం. జార్జియాలో ఒంటరి వ్యక్తికి 2,500 డాలర్లు, జంటకి 5,000 దాకా. ముందు రెవెన్యూ శాఖ అనుమతి తీసుకోవాలి, అనుమతి వచ్చిన 60 రోజుల్లో చెక్కు ఇవ్వాలి. మా గ్రూపులో ఒకాయన అనుమతి తెచ్చుకుని ఇండియా వెళ్లొచ్చి 60 రోజులు దాటించుకున్నాడు. క్రెడిట్ పోయింది, ఇప్పటికీ ఆ సంగతెత్తితే మొహం మాడ్చుకుంటాడు. ఇంకొకటి, 2019లో ఖరారైన ఐఆర్ఎస్ నిబంధన ప్రకారం రాష్ట్రం నుంచి క్రెడిట్ వచ్చిన మేరకి ఫెడరల్ రిటర్న్‌లో దానంగా చూపించుకోవడం కుదరదు. అక్కడా ఇక్కడా లాభం వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

పేదలకే అందుతుందా అంటే, అదీ రాష్ట్రాన్ని బట్టే. జార్జియా చట్టంలో ఆదాయ పరిమితే లేదు. ఫ్లోరిడాలో ఉండేది, 2023లో ఎత్తేశారు. అరిజోనాలో కంపెనీలు ఇచ్చే ఒక రకం క్రెడిట్‌కి ఉంది, వ్యక్తులు ఇచ్చేదానికి లేదు. ఈ పథకాల మీద వచ్చే గట్టి విమర్శ కూడా ఇదే: ఎలాగూ ప్రైవేటు బడిలో చదువుతున్న ఉన్నవాళ్ల పిల్లలకే ప్రజల పన్ను సొమ్ము పోతోందని. నాకు ఆ విమర్శలో నిజం కనిపిస్తుంది. అందుకే సంస్థని ఎంచేటప్పుడు చట్టంలో గీత లేకపోయినా సొంతంగా గీత గీసుకున్నదాన్నే వెతకాలి. "మీ స్కాలర్‌షిప్‌లలో పేదరిక రేఖకి 200 శాతం లోపు ఆదాయం ఉన్న ఇళ్లకి వెళ్లింది ఎంత?" అని ఒక ఈమెయిల్ పెట్టండి. జవాబు అంకెల్లో వస్తే మంచి గుర్తు. బ్రోషర్ పంపితే ఇంకో సంస్థని చూసుకోండి.

ఇక్కడ కూడా మూడో ఏటి ప్రశ్న తప్పదు. ఇల్లినాయ్‌లో 2017లో ఇన్వెస్ట్ ఇన్ కిడ్స్ అనే చట్టం వచ్చింది. దాతకి 75 శాతం క్రెడిట్, కుటుంబానికి ఆదాయ పరిమితి, సంస్థ తన ఖర్చులకి 5 శాతం మించి ఉంచుకోకూడదు. నేను చూసినవాటిలో బాగా ఆలోచించి రాసిన చట్టం అది. అయితే దానికి కాలపరిమితి ఉంది. 2023 డిసెంబర్ 31తో అది ముగిసింది, శాసనసభ పొడిగించలేదు. తొమ్మిది వేలకి పైగా పిల్లలు అప్పటికి దాని మీద చదువుతున్నారు. షికాగో శివార్లలో ఉన్న నా స్నేహితుడు ఆ వసంతకాలం అంతా వేరే ఫండ్ల వెంట తిరిగాడు.

నెబ్రాస్కా కథ ఇంకా చిత్రం. 2023లో ట్యాక్స్ క్రెడిట్ చట్టం చేశారు. దాన్ని ఓటుకి పెట్టాలని జనం సంతకాలు సేకరించారు. 2024లో శాసనసభ దాన్ని తీసేసి, బదులుగా నేరుగా కోటి డాలర్ల కేటాయింపుతో ఇంకో చట్టం తెచ్చింది. అదే ఏడాది నవంబర్లో ఓటర్లు దాన్నీ 57 శాతం ఓట్లతో రద్దు చేశారు. రెండేళ్లలో రెండు చట్టాలు వచ్చి రెండూ పోయాయి.

ఖాతాల పద్ధతి

దీని గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే చిన్న సంఘానికి ఇందులో నిర్వాహకులుగా చోటు లేదు. రాష్ట్రం పిల్లవాడి పేరున ఏటా కొంత డబ్బు ఖాతాలో వేస్తుంది. అరిజోనాలో 2022 నుంచి అందరికీ ఉంది. జార్జియాలో 2024 చట్టంతో ప్రామిస్ స్కాలర్‌షిప్ వచ్చింది, పిల్లవాడికి 6,500 డాలర్లు, ఫలితాల్లో అడుగున ఉన్న పబ్లిక్ స్కూళ్ల పరిధిలోని పిల్లల కోసం. టెక్సస్ 2025లో వంద కోట్ల డాలర్లతో చట్టం చేసింది, 2026–27 విద్యా సంవత్సరంతో మొదలు. దరఖాస్తులు ఎక్కువైతే వైకల్యం ఉన్న పిల్లలకి, ఆ తర్వాత పేదరిక రేఖకి 200 శాతం లోపు ఆదాయమున్న ఇళ్లకి ముందు ఇవ్వాలని అందులో రాసుకున్నారు. నిర్వహణ కాంట్రాక్టులు పెద్ద కంపెనీలకి, ఫ్లోరిడాలో స్టెప్ అప్ ఫర్ స్టూడెంట్స్ లాంటి పెద్ద నాన్‌ప్రాఫిట్లకి వెళ్తాయి.

మన పని అక్కడ వేరు. డల్లాస్ వైపు ఉన్న సంఘాలు కొత్త సంస్థ పెట్టే ఆలోచన మాని, నాలుగు లాప్‌టాప్‌లు పట్టుకుని శనివారాలు దరఖాస్తు శిబిరాలు పెడితే ఎంతో మందికి మేలు. ఒక సంగతి మాత్రం ప్రతి కుటుంబానికీ చెప్పి తీరాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లవాణ్ని తల్లిదండ్రులే ప్రైవేటు బడికి మారిస్తే, పబ్లిక్ స్కూల్లో ఫెడరల్ చట్టం ప్రకారం ఉన్న వ్యక్తిగత హక్కులు చాలావరకు వదులుకున్నట్టే. స్పీచ్ థెరపీ అక్కడ హక్కుగా వచ్చేది, ఇక్కడ స్కూలు దయ. సంతకం పెట్టాక తెలిస్తే ఏడుపే.

2027 ఫెడరల్ క్రెడిట్

మా ఎక్సెల్ షీట్ మొత్తం దీని మీదే నిలబడింది కాబట్టి కొంచెం నిదానంగా చూద్దాం. 2025 జూలై 4న సంతకమైన పెద్ద పన్ను చట్టంలో ఇది ఒక భాగం. 2027 జనవరి 1 నుంచి అమల్లోకి వస్తుంది. వ్యక్తులు గుర్తింపు పొందిన స్కాలర్‌షిప్ సంస్థకి నగదుగా ఇస్తే 1,700 డాలర్ల దాకా ఫెడరల్ పన్నులో తగ్గుతుంది. ఆ ఏడాది పన్ను అంత లేకపోతే మిగిలింది ఐదేళ్ల దాకా ముందుకు తీసుకెళ్లొచ్చు. కంపెనీలకి లేదు. అదే చెక్కుకి రాష్ట్రంలో కూడా క్రెడిట్ తీసుకుంటే ఆ మేరకి ఇక్కడ కోత పడుతుంది. అంటే జార్జియాలో ఒకే 1,700కి రెండు చోట్లా లాభం ఉండదు.

రాష్ట్రం తనంతట తాను చేరాలి, తన సంస్థల జాబితా పంపాలి. చేరని రాష్ట్రంలో సంస్థ పెట్టి లాభం లేదు. ఈ సంగతి కాలిఫోర్నియా, న్యూజెర్సీ సంఘాలకి ముఖ్యం. మనవాళ్లు ఎక్కువగా ఉండే ఆ రెండు రాష్ట్రాల్లో సొంత వోచర్ గానీ, స్కాలర్‌షిప్ క్రెడిట్ గానీ లేవు. అక్కడివాళ్లు గవర్నర్ నిర్ణయం చూసుకున్నాకే ఏదైనా మొదలుపెట్టాలి.

సంస్థకి షరతులు ఇవి: వచ్చిన దాంట్లో కనీసం 90 శాతం స్కాలర్‌షిప్‌లకే పోవాలి. ఒకే స్కూలు పిల్లలకి కాకుండా కనీసం పది మందికి ఇవ్వాలి. ఏ దాతా ఫలానా పిల్లవాడికి అని చెప్పి ఇవ్వకూడదు. ఈ డబ్బుని వేరే డబ్బుతో కలపకూడదు. ఆదాయం, అర్హత సంస్థే తనిఖీ చేయాలి. పోయిన ఏడు తీసుకున్న పిల్లలకి ముందు, తర్వాత వాళ్ల తోబుట్టువులకి ప్రాధాన్యం ఇవ్వాలి. ఈ చివరి షరతు నాకు బాగా నచ్చింది. మూడో ఏటి ప్రశ్నకి చట్టంలోనే కొంత జవాబు పెట్టారు. ఇది ఏటా బడ్జెట్‌లో కేటాయించే డబ్బు కాదు, గడువు తేదీ కూడా లేదు.

మరి పేదల మాట? ఆదాయ పరిమితి 300 శాతం అని వినగానే మా కమిటీలో అందరం పేదరిక రేఖకి 300 అనుకున్నాం. కాదు. ఆ ప్రాంతపు మధ్యస్థ ఆదాయానికి 300 శాతం. మీ ప్రాంతంలో మధ్యస్థ ఆదాయం 90,000 డాలర్లు అనుకుంటే పరిమితి 2,70,000. ఆ లెక్కన ఆ బేస్‌మెంట్లో కూర్చున్న తొమ్మిది మందిలో ఐదుగురి పిల్లలు అర్హులు! సంస్థ నడిపేవాళ్ల, పెద్ద దాతల కుటుంబాలకి ఇవ్వకూడదని వేరే నిబంధన ఉంది గానీ, గీత ఎక్కడుందో చూశారుగా. అంకె ఒకటే అయినా దేని మీద 300 అన్నది అడగకపోతే పేదల పేరు చెప్పి ఎవరికో పంచినట్టవుతుంది. ఈ దారిలో వెళ్లేవాళ్లు బైలాస్‌లోనే (సంస్థ నియమావళిలోనే) తమ గీతని కిందికి రాసుకోవాలి. ఇంకో మంచి సంగతి, ఈ డబ్బు ప్రైవేటు ఫీజుకే అని లేదు. పబ్లిక్ స్కూల్లో చదివే పిల్ల ట్యూటరింగ్‌కి, పుస్తకాలకి కూడా చట్టం ఒప్పుకుంటుంది.

సొంత సంస్థ లెక్క ఎక్కడ తేడా కొట్టింది

షీట్‌లో ఐదు వందల కుటుంబాలు అని రాసుకున్నాం. మా సంక్రాంతి సంబరాలకి వచ్చే జనం అంత ఉంటారు, నిజమే. సంక్రాంతికి వచ్చేవాళ్లందరూ చెక్కు రాయరు. మా ట్రెజరర్ నిక్కచ్చి మనిషి, అరవై కుటుంబాలు అన్నాడు. అరవైని 1,700తో గుణిస్తే 1,02,000. అందులో పది శాతం అంటే 10,200 డాలర్లు. ఆ పది వేలలో అకౌంటెంట్, ఇన్సూరెన్స్, దరఖాస్తుల సాఫ్ట్‌వేర్, ప్రతి ఇంటి ట్యాక్స్ కాగితాలు తనిఖీ చేసే మనిషి, ఆ కాగితాలు ఎక్కడా లీక్ కాకుండా దాచే ఏర్పాటు అన్నీ చూసుకోవాలి. కుదరదు. పెన్సిల్వేనియా చాలా ఏళ్లు 20 శాతం దాకా ఉంచుకోనిచ్చింది. దాన్ని విమర్శించినవాళ్లలో నేనూ ఉన్నాను. ఇప్పుడు ఆ చిన్న సంస్థల ఇబ్బంది కాస్త అర్థమవుతోంది.

రెండో తేడా ఇంకా సున్నితమైంది. "మనవాళ్ల పిల్లలకే ఇద్దాం" అని ఒక పెద్దాయన అన్నారు. తప్పుడు ఉద్దేశంతో కాదు, మన గుళ్లో వంటపని చేసేవాళ్ల, కిరాణా కొట్లలో పనిచేసేవాళ్ల పిల్లలు ఆయన కళ్ల ముందు ఉన్నారు. కానీ పన్ను మినహాయింపుతో నడిచే సంస్థ జాతి చూసి పిల్లల్ని వేరు చేయకూడదు. వివక్ష చూపిన ఒక యూనివర్సిటీకి పన్ను మినహాయింపు తీసేయడం సరైనదే అని 1983లోనే సుప్రీంకోర్టు తేల్చింది. మనం ప్రచారం మనవాళ్ల మధ్య చేసుకోవచ్చు, ఫారాలు నింపడానికి తెలుగులో సాయం చేయొచ్చు. తలుపు మాత్రం అందరికీ తెరిచే ఉండాలి. ఇది ఒప్పుకోలేని సంఘం ఈ దారి వైపు రాకపోవడమే మంచిది.

"నువ్వు మా పిల్లవాడికి ఇవ్వు, నేను మీ పిల్లవాడికి ఇస్తాను" అనే ఒప్పందాలు కూడా వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. అరిజోనా చట్టం ఇలాంటి మార్పిళ్లని పేరు పెట్టి మరీ నిషేధించింది. తెలివి అనుకుని చేసేది ఆడిట్‌లో మోసం అవుతుంది.

ఎవరు దేన్ని ఎంచుకోవాలి

ఏటా నాలుగైదు లక్షల డాలర్లు నికరంగా సేకరించగలిగి, జీతమిచ్చి ఒక మనిషిని పెట్టుకోగలిగి, రాష్ట్రం ఫెడరల్ పథకంలో చేరి ఉంటే సొంత సంస్థ గురించి ఆలోచించండి. నాలుగైదు ఊళ్ల సంఘాలు కలిస్తే ఇది అసాధ్యమేం కాదు. కలవడమే మనకి కష్టం, ఆ సంగతి మీకు నేను చెప్పాలా.

అంతకన్నా చిన్నవాళ్లయితే, రాష్ట్రంలో క్రెడిట్ ఉంటే, ఉన్న సంస్థల్లో ఒకదానికి మీ దాతల్ని పంపండి. ఎంచేటప్పుడు మూడు సంగతులు చూడండి: పాత పిల్లల్ని కొనసాగించడానికి వాళ్ల దగ్గర ఎన్నాళ్లకి సరిపడా నిల్వ ఉంది, ఆదాయ గీత ఎక్కడ గీశారు, కుటుంబానికి ఫలితం ఏ నెలలో చెబుతారు. మొదటిది దాటకపోతే మిగతా రెండూ అడగక్కర్లేదు. రాష్ట్రంలో ఏ పథకమూ లేకపోతే ప్రభుత్వ సొమ్ము కోసం ఆగకండి. 1998 నుంచి నడుస్తున్న చిల్డ్రన్స్ స్కాలర్‌షిప్ ఫండ్ లాంటివి ప్రైవేటు విరాళాలతోనే మొదలయ్యాయి. స్కూళ్ల సొంత ఫీజు రాయితీలు కూడా అడిగినవాళ్లకే వస్తాయి, అడగడం మనవాళ్లకి నామోషీ.

ఆ మూడో సంగతి, ఏ నెలలో చెబుతారు అన్నది, మాకు ఒక ఇంటి దగ్గర తెలిసొచ్చింది. ఇండియన్ గ్రోసరీ స్టోర్లో క్యాష్ కౌంటర్ దగ్గర పనిచేసే ఒకావిడ, ఇద్దరు పిల్లలు, ఒంటరిగా నెట్టుకొస్తోంది. ఏప్రిల్ మొదట్లో సాయంత్రం షిఫ్ట్ అయ్యాక కారులోనే కాగితాలు చూపించింది. స్కూలు వాళ్ల అడ్మిషన్ కాంట్రాక్టు ఒకటి, నీలం సిరాతో సంతకం పెట్టాల్సిన చోట ఇంటూ గుర్తు. పిల్లకి 500 డాలర్ల డిపాజిట్, శుక్రవారం లోపు కట్టాలి, తిరిగి ఇవ్వరు. సంతకం పెడితే ఏడాది ఫీజంతా బాధ్యత ఆమెదే అని కింద చిన్న అక్షరాల్లో ఉంది. స్కాలర్‌షిప్ సంస్థ ఫలితం జూన్ చివర్లో. ఇటు సంతకం పెట్టి స్కాలర్‌షిప్ రాకపోతే అప్పు, పెట్టకపోతే సీటు పోతుంది, సీటు లేకపోతే స్కాలర్‌షిప్ వచ్చినా పనికిరాదు. "అన్నా, సంతకం పెట్టనా వద్దా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. యూనిఫాం, బస్సు, లంచ్, రిజిస్ట్రేషన్ కలిపితే ఇంకో 1,900 అని అదే కవర్లో వేరే కాగితం. ఏ స్కాలర్‌షిప్ ఉత్తరంలోనూ ఆ అంకె ఉండదు.

మా కమిటీ నిర్ణయం అక్కడి నుంచే వచ్చింది. ట్యూషన్ ఫీజుకి పెద్ద సంస్థల దారిలో ప్రభుత్వ సొమ్ము రానిద్దాం. మా దాతలు క్రెడిట్ వచ్చే చెక్కులు అక్కడికే రాస్తారు. సంఘం సొంత డబ్బు, అంటే ఏ క్రెడిట్‌తోనూ ముడిపడని డబ్బు, వేరే ఖాతాలో ఉంటుంది. అది డిపాజిట్లకి, బస్సుకి, యూనిఫాంకి, ఒకవేళ మధ్యలో చట్టం పోతే ఆ విద్యా సంవత్సరం ముగిసేదాకా ఫీజుకి. ఎవరికి అవసరమైతే వాళ్లకి, తెలుగువాళ్లయినా కాకపోయినా. స్కూళ్లతో మాట్లాడి, స్కాలర్‌షిప్ రాకపోతే జూలై 15 లోపు కాంట్రాక్టు రద్దు చేసుకోవచ్చన్న ఒక్క వాక్యం కాగితం మీద రాయించుకుంటున్నాం. అడిగిన నాలుగు స్కూళ్లలో మూడు ఒప్పుకున్నాయి.

ఆ శుక్రవారం డిపాజిట్ మా ట్రెజరర్ సొంత చెక్కుతో కట్టాడు, అప్పటికి ఖాతా ఇంకా తెరవలేదు. జూన్ 27న ఆమె ఫోన్‌లో ఉత్తరం ఫోటో పంపింది. ట్యూషన్‌లో మూడింట రెండు వంతులు వచ్చాయి. మిగిలిన వంతుకి స్కూలు నెలవారీ వాయిదాలు ఇచ్చింది. మొదటి వాయిదా ఆగస్టు 10.